వద్దన్నోళ్లంతా ద్రోహులేనా?

బాంబు పేలిన రోజు ఏడ్చే హక్కు అందరికీ ఉంటుంది. తెల్లారి నోరు విప్పే హక్కు మాత్రం కొందరికే!

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపిన హంతకులను తిట్టని నోరు ఈ దేశంలో లేదు. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. ఇక అప్పటినుంచి ఒకటే ప్రశ్న: నువ్వు ఎటువైపు? యుద్ధంతో ఏమొస్తదని అడిగినవాళ్లను పాకిస్తాన్‌కు పొమ్మన్నారు. పెళ్లయిన వారానికే పహల్గాంలో భర్తను పోగొట్టుకున్న ఓ యువతి, ముస్లింల మీద, కశ్మీరీల మీద పగ పెంచుకోవద్దన్నది. ఆమెను కూడా వదల్లేదు. భర్త శవం ముందు కూర్చున్న మనిషికి దేశభక్తి పాఠాలు చెప్పినోళ్లలో ఒక్కడన్నా సరిహద్దు ముఖం చూసినోడుంటాడా?

ఈ ప్రశ్న పాతబస్తీకి కొత్త కాదు. ఫలక్‌నుమా అనో, చాంద్రాయణగుట్ట అనో అడ్రసు చెప్పగానే ఎదుటి మనిషి కళ్లల్లో మెదిలే ప్రశ్నే ఇది. కిరాయికి ఇల్లు వెతుక్కునే విద్యార్థిని అడగండి, ఇంటర్వ్యూకు పోయిన నిరుద్యోగిని అడగండి, చెబుతారు.

ఈ ప్రశ్నకు లోకమంతటా చలామణి తెచ్చిన పెద్దమనిషి జార్జి బుష్. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత తొమ్మిది రోజులకు, మాతో ఉంటారా, ఉగ్రవాదులతో ఉంటారా తేల్చుకోమని ప్రపంచానికి హుకుం జారీ చేశాడు. అంతకు ముందే యుద్ధాధికారం కట్టబెట్టే తీర్మానం అమెరికా ప్రతినిధుల సభలో 420 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకంగా పడింది ఒకే ఒక్క ఓటు. ఆ ఓటు వేసిన బార్బరా లీకి చంపుతామని బెదిరింపులొచ్చాయి. ఇరవై ఏళ్లు గడిచాయి. 2021 ఆగస్టులో అమెరికా సైన్యం కాబూల్ వదిలింది, తాలిబన్లు మళ్లీ గద్దెనెక్కారు. ఒక్క ఓటామె చెప్పింది నిజమా, 420 మంది చెప్పింది నిజమా?

విమానాలు హైజాక్ చేసిన 19 మందిలో 15 మంది సౌదీలు. ఇరాకీ ఒక్కడూ లేడు. అయినా 2003 మార్చిలో ఇరాక్ మీద పడ్డారు. ఉన్నాయన్న మారణాయుధాలు ఎక్కడా దొరకలేదు. దొరికింది చమురు, ఆ తర్వాత పుట్టింది ఐసిస్.

ఇప్పుడు ఫలక్‌నుమాకు వద్దాం. పక్కనే బార్కస్ ఉంది. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల బారకాసులే ఆ పేరుకు మూలం. అక్కడి చాలా కుటుంబాల తాతముత్తాతలు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లు. ఆ హద్రమౌత్‌లోనే ఖషామిర్ అనే ఊరుంది. 2012 ఆగస్టులో ఆ ఊళ్లో ఒక ఇమాం మసీదులో నిలబడి, అమాయకులను చంపమని ఏ గ్రంథంలో ఉందో చూపించండి అని అల్‌ఖైదాను సవాలు చేశాడు. కొద్దిరోజులకు ఆ ముఠా మనుషులు ఆయనతో మాట్లాడాలని వచ్చారు. ఒంటరిగా పోనియ్యకుండా పోలీసు ఉద్యోగం చేసే చుట్టమొకరు తోడు పోయాడు. పైనుంచి అమెరికా డ్రోన్ క్షిపణులు వదిలింది. వచ్చిన ముఠావాళ్లూ పోయారు, ఇమామూ పోయాడు, పోలీసూ పోయాడు. ఉగ్రవాదానికి ఎదురు నిలబడ్డ గొంతును ఉగ్రవాదం మీద యుద్ధమే నొక్కేసింది. ఖషామిర్ ఊరోళ్లు ఎటువైపో అమెరికా దొర చెప్పాలె.

మనకు టీవీలో కనిపించే యుద్ధం బార్కస్‌కు చుట్టపు చావు. ఆ మాటకొస్తే కరీంనగర్, నిజామాబాద్ పల్లెలకూ అంతే. గల్ఫ్‌లో తుపాకి పేలితే సిరిసిల్లలో పొయ్యి ఆరుతుంది. 1990లో సద్దాం కువైట్ మీదికి పోయినప్పుడు ఉన్న సొమ్మంతా వదిలి, కట్టుబట్టలతో అమ్మాన్ మీదుగా ఇల్లు చేరిన మనోళ్లు ఇంకా ఉన్నారు.

అందుకే 2006 మార్చి 3న బుష్ హైదరాబాద్ వచ్చినప్పుడు పాతబస్తీ స్వాగతం పలకలేదు. అది శుక్రవారం. చార్మినార్ చుట్టుపక్కల దుకాణాలు మూతపడ్డాయి. వామపక్షాలు, ముస్లిం సంస్థలు నల్లజెండాలు ఎత్తాయి. మరి దొరవారు ఎక్కడికి పోయారు? ఫలక్‌నుమాకు కూతవేటు దూరంలోని రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి! బర్రెలను చూశారు, డ్వాక్రా మహిళలతో ముచ్చట పెట్టారు. ఆ పర్యటనలో ఘనంగా చెప్పుకున్న వ్యవసాయ విజ్ఞాన ఒప్పందం బోర్డులో కూర్చున్నదెవరయ్యా అంటే మోన్‌శాంటో, వాల్‌మార్ట్. పత్తి విత్తనాల అప్పుతో తెలంగాణ రైతు పురుగుమందు తాగుతున్న కాలమది. బాగ్దాద్ మీద బాంబు, వరంగల్ మీద విత్తనం. రెండూ ఒకే సంచిలోంచి వచ్చాయని ఆరోజు నల్లజెండా పట్టినోళ్లు గుర్తుపట్టారు. వాళ్లను మతోన్మాదులని తీసిపారేయడం పాలకులకు సులువైంది.

ఫలక్‌నుమాకే మరో దొరసాని కూడా వచ్చింది. 2017 నవంబర్ 28న ట్రంప్ బిడ్డ ఇవాంకాకు ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ప్రధాని మోదీ విందు ఇచ్చారు. పాయిగా అమీర్ వికారుల్ ఉమ్రా కట్టించిన మేడ అది, ఇప్పుడు తాజ్ హోటల్. 101 మంది ఒకే వరుసన కూర్చునే బల్ల అక్కడుంది. ఆమె వస్తుందని రోడ్లకు రంగులు పూశారు, నగరంలో బిచ్చగాళ్లు కనిపించొద్దన్నారు. అదే ఏడాది ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఓలేత్‌లో హైదరాబాద్ నుంచి పోయిన ఇంజినీరును ఒకడు కాల్చి చంపాడు. ఆ హంతకుడు ఒకప్పుడు నౌకాదళంలో చేసినోడు. మా దేశం నుంచి పొమ్మని అరిచి, ఇరానీలనుకొని కాల్చాడు. పడమటి ఆసియా మీద ఇన్నేండ్లు నూరిపోసిన పగ చివరికి మన తెలుగింటి పిల్లగాడికి తగిలింది. గోధుమరంగు చర్మంలో ఇరానీ ఎవడో, హైదరాబాదీ ఎవడో పగకు తెలుస్తుందా? నూటొక్క కుర్చీల బల్ల దగ్గర ఈ ముచ్చట వచ్చినట్టు మేం ఏ పత్రికలోనూ చదవలేదు.

పాతబస్తీకి బాంబు బాధ తెలియదనుకుంటే పొరపాటు. 2007 మే 18న మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు నేలకొరిగారు. దెబ్బ తిన్నోళ్ల మీదే మళ్లీ దెబ్బ! పదుల సంఖ్యలో ముస్లిం యువకులను ఎత్తుకపోయి చిత్రహింసలు పెట్టారు. తర్వాత వాళ్లు నిర్దోషులని తేలింది, 2012లో ప్రభుత్వమే పరిహారం పంచింది. పోయిన కొలువు, ఆగిన చదువు మాత్రం తిరిగిరాలేదు. తర్వాత దొరికిన అసీమానంద్ తదితరులను కూడా 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ కోర్టు విడిచిపెట్టింది. మరి ఆ తొమ్మిది మందిని చంపిందెవరు?

తెలంగాణోళ్లం మనకు ఇంకో యాది కూడా ఉండాలె. రజాకార్ల దురాగతాలు నిజం. మన పల్లెలు కాలిపోయింది నిజం. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చింది. ఖాసిం రజ్వీ జైలుకు పోయి, విడుదలై, 1957లో హాయిగా పాకిస్తాన్ చేరాడు. సచ్చింది ఎవరు? మరాఠ్వాడాలో, బీదర్‌లో, గుల్బర్గాలో ఏ రజాకారు పాపమూ తెలియని కూలీలు, నేతకార్మికులు, దుకాణదారులు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందమే రాసింది. ఆ నివేదిక దశాబ్దాలు చీకట్లో ఉండి 2013లో గాని బయటికి రాలేదు. ఇక అదే సైన్యం 1951 దాకా ఇక్కడే ఉండి, భూమి కోసం కొట్లాడిన రైతుల మీద తుపాకులు తిప్పింది. ఏటా సెప్టెంబర్ 17న విమోచనమా, విలీనమా అని జుట్లు పట్టుకునే పార్టీలు ఈ కాగితం జోలికి రావు, ఎందుకో మరి!

ప్రత్యేక రాష్ట్రం అడిగినందుకే మనల్ని వేర్పాటువాదులన్నారు. ఉస్మానియాలో మావోయిస్టులు చొరబడ్డారని 2010లో అప్పటి ప్రభుత్వం చెప్పుకుంది. లాఠీలు తిన్న విద్యార్థి మిత్రులు, సకల జనుల సమ్మెలో జీతాలు వదులుకున్న ఉద్యోగ మిత్రులు ఆ ముద్ర రుచి మరిచిపోయారా? ఇవాళ యుద్ధం వద్దన్నవాడి నొసటి మీద పడేది కూడా అదే ముద్ర.

2025 మేలో శంషాబాద్‌లో కరాచీ బేకరీ బోర్డు మీద కొందరు కర్రలతో పడ్డారు. ఆ బేకరీ పెట్టింది దేశవిభజనలో సర్వం పోగొట్టుకొని సింధ్ నుంచి వచ్చిన హిందూ శరణార్థి. 1953 నుంచి మొజంజాహీ మార్కెట్‌లో ఆ బిస్కెట్లు తింటున్నాం. పాకిస్తాన్ నుంచి తరిమేయబడ్డ కుటుంబం పాకిస్తాన్ మీది కోపానికి దెబ్బలు తిన్నది!

మరి చేతులు ముడుచుకొని కూర్చోమంటారా అని అడుగుతారు. అడగాల్సిందే. 2003లో ఇరాక్‌కు సైన్యం పంపమని అమెరికా మన దేశాన్ని ఒత్తిడి చేసింది, దాదాపు 17 వేల మందిని. వీధుల్లో జనం, పార్లమెంటులో ప్రతిపక్షం వద్దన్నారు. ఏప్రిల్‌లో పార్లమెంటు ఆ దాడిని నిందిస్తూ తీర్మానం చేసింది. జూలై 14న వాజపేయి ప్రభుత్వం పంపేది లేదని తేల్చింది. ఆ ఒక్క 'వద్దు' ఎందరు తల్లుల కడుపుకోత తప్పించిందో లెక్కగట్టండి. వాజపేయిని ద్రోహి అందామా?

ముంబైలో 2008 నవంబర్ 26న 166 మంది చనిపోయారు. తుకారాం ఓంబ్లే అనే పోలీసు గుండ్లు తగులుతున్నా కసబ్‌ను ప్రాణాలతో పట్టి ఇచ్చాడు. పాకిస్తాన్ గుట్టు లోకానికి రుజువైంది అతని విచారణతోనే, విమానదాడితో కాదు. మన దిల్‌సుఖ్‌నగర్ సంగతే చూడండి. 2013 ఫిబ్రవరి 21న 18 మంది ప్రాణాలు తీసిన వాళ్లలో ఐదుగురిని పట్టుకొని, సాక్షులను నిలబెట్టి, 2016లో ఎన్ఐఏ కోర్టు శిక్ష వేసింది. పహల్గాంకు సరిగ్గా రెండు వారాల ముందు, 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. (ఉరిశిక్షల మీద మాకు వేరే అభిప్రాయముంది, దాని మీద ఇంకోసారి కొట్లాడుకుందాం.) అందుకు ఏ ఊరి మీదా బాంబు వేయలేదు, ఏ బేకరీ బోర్డూ పగలగొట్టలేదు. మక్కా మసీదు తొమ్మిది మందికి ఆపాటి విచారణ కూడా దక్కలేదు. ప్రతీకారం గురించి ఇంత గట్టిగా మాట్లాడే పెద్దలు ముందు ఆ ఫైలు దుమ్ము దులపమని పాతబస్తీ అడుగుతోంది.