మూలబడిన మోటారు సైకిలు

చీమకుర్తి వాసులకు మెరుగు మహిమను గూర్చి యొకరు బోధింప నక్కరలేదు. క్వారీ గర్భమునుండి వెలికి వచ్చిన నల్లరాయి, కోతపడి సానపట్టిన పిమ్మటగాని తనలోని కంచువన్నె చుక్కలను చూపదు. ఆ చుక్కలను చూచియే దేశదేశముల వర్తకులు దానిని ‘గెలాక్సీ’ యని పిలిచి కొనిపోవుచున్నారు. రాతికి చెల్లిన ఈ న్యాయమును మోటారు సైకిలునకు గూడ వర్తింపజేయుట యిటీవల మనవారిలో ప్రబలుచున్న వ్యామోహము. తాతలనాటి బండిని పెరటిమూలనుండి లాగి, రంగు కొట్టించి, చక్రములకు క్రోము పూత వేయించి, ట్యాంకుపై బంగారు గీతలు గీయించి, దానిప్రక్క నిలిచి ఫొటోలు తీయించుకొని, మరల వసారాలో నిలువబెట్టి, బండిని పునరుద్ధరించితిమని తృప్తిపడు వారిని ఒంగోలు మొదలు గుంటూరు వరకు అనేకులను చూడవచ్చును. ఆ బండికి కిక్కు కొట్టినచో పలుకదు. పలికినను పొలిమేర దాటదు. యజమాని తన యింటనే, తన చేతులతోనే, బండిని నడచునట్లు చేసికొనినప్పుడే దానిని పునరుద్ధరణ మనవలెనని నా అభిప్రాయము. రంగు ఆ తరువాత రావచ్చును, రాకున్నను లోపము లేదు.

పత్తి, మిరప, పొగాకు పండు మన మెట్ట గ్రామములలో నేడు తుప్పుపట్టుచున్న బండ్ల వంశములు ముఖ్యముగా మూడు. ఇంగ్లండులోని రెడిచ్ కర్మాగారమున జన్మించి, 1955లో మద్రాసు మోటార్సువారి పూనికతో తిరువొత్తియూరునకు చేరిన ఎన్‌ఫీల్డ్ బులెట్టు మొదటిది. పుట్టినింట 1967లో రెడిచ్ కర్మాగారమే మూతపడగా, 1977 నాటికి మెట్టినిల్లే ఆ దేశమునకు బులెట్లను ఎగుమతి చేయనారంభించుట యంత్రచరిత్రలో అరుదైన ఘట్టము. రెండవది మైసూరు ఐడియల్ జావావారు 1961 నుండి జావా పేరిటను, 1970ల నుండి యెజ్డీ పేరిటను, 1996లో మూతపడు వరకు తయారుచేసిన జంట సైలెన్సర్ల బండి. పోలండు నమూనాను అనుసరించి ఎస్కార్ట్సువారు చేసిన రాజదూత్ మూడవది. బులెట్టు మోతుబరులకును పోలీసులకును దర్పము నీయగా, పాలక్యానులను పురుగుమందు డబ్బాలను మారుమాటాడక మోసిన ఘనత రాజదూత్‌దే. అయినను పెండ్లిపాటలలో కెక్కిన భాగ్యము బులెట్టునకే దక్కినది.

ఈ మూడింటిలో దేనియందును, విప్పి చూడరాని పెట్టె యొక్కటియు లేదు. నిప్పురవ్వ, పెట్రోలు, సిలిండరులోని కంప్రెషను—ఈ మూటిలో ఏదియో యొకటి లోపించుటచేతనే బండి నిలిచిపోవును గావున, నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, ఒక ఫీలర్ గేజి, వీటికి మించి కొంత ఓర్పును గలవాడు కారణమును తప్పక కనుగొనగలడు.

సంవత్సరముల తరబడి కదలక పడియున్న బండిని గేరులో వేసి, నలుగురు కూడి త్రోసి స్టార్టు చేయజూచుట మన ఊళ్ళలో పరిపాటి. ఇంతకంటె అపకారము వేరొకటి లేదు. పిస్టను రింగులు సిలిండరు గోడకు తుప్పుతో అతుకుకొని యుండగా బలప్రయోగము చేసినచో రింగులు విరుగును, బోరు గీరుకుపోవును. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రమున కొంచెము ఇంజను ఆయిలు పోసి, రెండు మూడు దినములు నాననిచ్చి, అటుపిమ్మట కిక్కురాడ్డును చేతితో మెల్లమెల్లగా కదల్చవలెను. ఇంజను కదలినదన్నచో సగము గండము గడచినట్లే. తరువాత ట్యాంకు: అడుగున పేరుకొనిన తుప్పు రాలుటకు గుప్పెడు నట్లు లోపల వేసి కుదిపి, పలుమార్లు కడిగి ఆరబెట్టవలెను. కార్బురేటరు విప్పినప్పుడు సన్నని జెట్టు రంధ్రములను తీగతో పొడుచు అలవాటును మానుకొనవలెను. రంధ్రము వెండ్రుకవాసి పెరిగినను పెట్రోలు పాలు మారిపోవును, ఆపైన ఎంత సవరించినను ఇంజను నిలుకడగా నడువదు. పెట్రోలుతో కడిగి గాలి కొట్టినచో చాలును. రాళ్ళలారీల వెనుక నిత్యము ధూళి లేచు చీమకుర్తి దారులలో తిరుగు బండికి ఎయిర్ ఫిల్టరు విషయమున ఉపేక్ష పనికిరాదు. ఆ రాతిపొడి ఇంజనులోనికి చేరినచో ఎమెరీ కాగితమువలె బోరును అరగదీయును.

ఇక పాయింట్లు. నేటి యువకులలో పెక్కుమంది వీటిని చూచియుండరు. బులెట్టునకు పాయింట్ల నడిమి ఎడము 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు ఉండవలెను. అవి నల్లబారినచో సన్నని ఎమెరీ కాగితముతో రుద్ది, ఫీలర్ గేజితో ఎడము సరిచేసి, కండెన్సరు మంచిదో కాదో చూచుకొన్నచో, చచ్చినదనుకొన్న బండి తరచుగా ఇక్కడనే ప్రాణము పోసికొనును. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు గల ఆ పొడవైన ఇంజనును మేల్కొలుపుట గూడ ఒక విద్య. తాళము త్రిప్పి కిక్కును నెమ్మదిగా నొక్కుచుండగా అమ్మీటరు ముల్లు ఒకవైపునకు వాలి, పాయింట్లు విడివడిన క్షణమున నడుమకు వచ్చి నిలుచును. అప్పుడు డీకంప్రెసరు లీవరు పట్టి పిస్టనును పైకొన దాటించి, కిక్కును పూర్తిగా పైకి రానిచ్చి, అడుగంట ఒక్క తన్ను తన్నవలెను. మర్మ మెరిగినవాడు ఆ ఒక్క తన్నుతో బయలుదేరును. ఎరుగనివాడు పదేపదే తన్ని, ఎదురుతన్ను తిని, కుంటుచు ఇంటిలోనికి పోవును.

ఇంటిపని యన్నంత మాత్రమున సర్వమును ఇంటనే చేయవలెనని కాదు. బోరు కొట్టించుట, క్రాంకు బేరింగు మార్పించుట లేతు షాపునకు చెందిన పనులు. వానికి ఒంగోలునకో, విజయవాడ ఆటోనగరునకో పోక తప్పదు. పాత పార్టులకై మద్రాసు పుదుపేట వీథులు త్రొక్కినవారును మనలో లేకపోలేదు. అయితే విప్పుటయు, కడుగుటయు, బిగించుటయు యజమాని తానే చేసినచో, రేపు నడిరోడ్డుపై బండి ఆగినపుడు ఎక్కడ చేయి పెట్టవలెనో వానికి తెలిసియుండును. రంగుల షెడ్డు నుండి మెరుగులతో వచ్చిన బండి ఈ జ్ఞానమును ఈయజాలదు. ఇంత శ్రమపడి బండిని నడిపించి, చివరకు ఊరంతయు దద్దరిల్లు సైలెన్సరు తగిలించు మహానుభావులు కొందరున్నారు. అట్టి సైలెన్సర్లను పోలీసులు రోడ్డురోలరు క్రింద త్రొక్కించిన వార్తలు చదివినప్పుడు, పాత బండ్లపై ఇంత పక్షపాతముగల నాకు గూడ ఇసుమంత విచారము కలుగలేదు.

కొత్తగా వచ్చిన చిక్కు పెట్రోలుతోనే. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును, పాతకాలపు రబ్బరు గొట్టములను, పెట్రోలు ట్యాపులోని బెండు వాషర్లను చెరుపును. కావున గొట్టములు, వాషర్లు నేటి ఇంధనమునకు తగినవి వేయుటయు, బండిని నెలల తరబడి నిలుపదలచినచో ట్యాంకును కార్బురేటరును ఖాళీచేయుటయు తప్పనిసరి. తరచుగా నడచు బండికి ఈ బాధ తక్కువ. ప్రదర్శనకై నిలిపినదానికే ఎక్కువ.

చిత్రమేమనగా, మన చట్టము గూడ మెరుగునకే మ్రొక్కుచున్నది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నిబంధనల ప్రకారము 50 సంవత్సరములు దాటిన వాహనమే ‘వింటేజి’ యనిపించుకొనును. దానికి కొత్తగా రిజిస్ట్రేషను కావలెనన్న రుసుము 20,000 రూపాయలు. ఇంత చెల్లించినను దానిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప నిత్యోపయోగమునకు వాడరాదు. 1985 నాటి బులెట్టు 2035 వరకు ఈ గౌరవమునకు నోచుకొనదు. అంతవరకు అది 15 సంవత్సరముల గడువు తీరిన సామాన్య వాహనమే. అట్టి మోటారు సైకిళ్ళ రిజిస్ట్రేషను పొడిగింపు రుసుమును 2022 ఏప్రిల్ నుండి 300 రూపాయల నుండి 1,000 రూపాయలకు పెంచిరి. రుసుము నైనను భరింపవచ్చును. తాత పేరిటనున్న ఆర్సీని మనుమని పేరిటకు మార్చుకొనుటకు మరణ ధ్రువపత్రము మొదలుగా కాగితములను ప్రోగుచేయుట ఇంజను విప్పుటకంటె కష్టము. జర్మనీలో 30 సంవత్సరములు దాటి, మూలరూపమున చక్కగా నిలిచిన వాహనమునకు పరీక్ష జరిపి, ‘హెచ్’ అక్షరముగల ప్రత్యేకమైన నంబరు నిచ్చి, రోడ్డుపై తిరుగనిచ్చుచున్నారు. బ్రిటనులో 40 సంవత్సరములు దాటి, పెద్ద మార్పులకు లోనుగాని వాహనమునకు 2018 నుండి వార్షిక పరీక్షయే లేదు.

మనకును 30 సంవత్సరముల వద్ద ఒక తరగతి ఏర్పడవలెను. ఇంజను నంబరు, చాసిస్ నంబరు కాగితములతో సరిపోలునా, బ్రేకులు పట్టునా, దీపములు వెలుగునా యని బండిని నడిపించి చూచి, స్వల్ప రుసుముతో అనుమతి నీయవలెను. నంబర్లు సరిపోలని బండ్ల విషయమున కనికర మక్కరలేదు. దొంగసొత్తునకు పాతదనము తెరగా మారరాదు. పొగ మాట త్రోసిపుచ్చదగినది కాదు. ఆయిలు కలిపిన పెట్రోలుతో నడచు యెజ్డీ, రాజదూత్‌లు ప్రతిదినము పట్టణ వీథులలో తిరుగుట నాకును సమ్మతము కాదు. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని వానికి హద్దు నిర్ణయించినచో ఎవరికిని అభ్యంతర ముండరాదు.

ఈ పని తెలిసిన మేస్త్రీలు వృద్ధులగుచున్నారు. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 కాలుష్య ప్రమాణములు వచ్చుటతో కొత్త మోటారు సైకిళ్ళలో పెక్కింట కార్బురేటరు స్థానమును ఇంజెక్షను ఆక్రమించినది. ఐటిఐలో చేరు నేటి విద్యార్థి స్కానరు చదువుట నేర్చుకొనుచున్నాడు, అది మంచిదే, కాని కార్బురేటరు విప్పు అవసరమే వానికి అరుదుగా కలుగుచున్నది. పోలీసు స్టేషన్ల ఆవరణలలో ఎండకు వానకు చివికి, తుదకు తూకము చొప్పున ఇనుప సామాను కొట్టుకు పోవు బండ్లున్నవి గదా. చిక్కులు తీరిన వానిని కొన్నిటిని మన జిల్లా ఐటిఐలకు ఈయవలెను. నలుగురు విద్యార్థులకు ఒక బండి. తాత్కాలికమైన అనుమతితో ఆ బండి చీమకుర్తినుండి ఒంగోలునకు పోయి ఆగకుండ తిరిగివచ్చుటయే వారి పరీక్ష. రంగునకు మార్కులు ఉండరాదు.