గృహవ్యయమును కూపనుచీటీలును

దసరా పండుగకు మన సంఘపు దుకాణమునందును పట్టణపు దుకాణములవలె కూపనుచీటీలు అచ్చువేయించి పంచవలెనని సభ్యులలో కొందరు కోరుచున్నారు. ఒక్కసారి వేయి రూపాయల సరకు కొన్నవారికి నూరు రూపాయల చీటీ యిచ్చినయెడల బేరము పెరుగుననియు, పట్టణమునకు పోవుచున్న సభ్యుల రొక్కము గ్రామముననే నిలుచుననియు వారి వాదము. ఈ కోరిక సదుద్దేశముతో పుట్టినదే. రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిపై చర్చ జరుగనున్నది. కావున సభ్యులు చేయెత్తుటకు ముందు, కూపను వలన ఇంటి వ్యయము ఎప్పుడు తగ్గును, ఎప్పుడు తగ్గదు అను విషయమును కొంత విచారించుట యుక్తము. నా అభిప్రాయమును మొదటనే చెప్పెదను. మన దుకాణమునకు చీటీలు వలదు. ఆ ధనమునే వేరొక మార్గమున సభ్యులకు చేర్చవలెను.

కూపను కొత్త వస్తువు కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున అమెరికా దేశమందలి అట్లాంటా నగరమున కోకాకోలా పానీయమును జనులకు రుచి చూపుటకై, ఒక గ్లాసు ఉచితమని అచ్చువేసిన చీటీలు పంచిరి. ఒకసారి ఊరక త్రాగినవాడు మరల వచ్చి డబ్బిచ్చి త్రాగునని వారి యాశ. ఆ యాశ వమ్ము కాలేదు. నేడు టీపొడి పొట్లములో వచ్చు చీటీయు, సబ్బుల పెట్టెమీద గీకి చూడవలసిన చీటీయు, సెల్‌ఫోనులోనికి వచ్చు అంకెల గుర్తును రూపమున వేరైనను పనిలో ఒక్కటియే. కొనువాని జాబితాలో లేని వస్తువును అందు చేర్చుటకే అవి పుట్టుచున్నవి.

ఇచ్చట నొక సంగతి గమనింపదగినది. జొన్నలకు గాని, ఎండుమిరపకాయలకు గాని, సంతలో తూచి యమ్ము బెల్లమునకు గాని కూపను ఇచ్చువాడు కనబడడు. బిస్కత్తులకు, తలనూనెలకు, ముఖలేపనములకు, పట్టుచీరెలకు మాత్రము చీటీలు వెల్లువగా వచ్చును. లాభము పలుచగా నున్నచోట చీటీకి తావులేదు. లాభము దట్టముగా నున్నచోటనే దానిలో కొంత కోసి చీటీగా చేయవచ్చును. మన యింటి వ్యయమున పెద్దభాగము బియ్యము, పప్పు, నూనె, చింతపండు మొదలగువానికే పోవుచుండగా, చీటీలు మాత్రము చిన్నభాగము చుట్టును తిరుగుచున్నవి.

ఇక లెక్క చూతము. ఒక కాపు కుటుంబమునకు నెలకు కావలసిన పచారిసామాను 1,200 రూపాయలదని యనుకొందము. పట్టణపు దుకాణమువారు 1,500 రూపాయల సరకు కొన్నచో 150 రూపాయలు తగ్గించెదమని చీటీ పంపిరి. ఇంటివారు 1,200 రూపాయల జాబితాకు మరి 300 రూపాయల సరకు చేర్చి, 1,350 రూపాయలు చెల్లించి వచ్చిరి. రసీదుమీద "మీరు పొదుపు చేసినది 150" అని అచ్చుపడి యుండును. ఇంటి పెట్టెలోనుండి పోయినది మాత్రము మామూలుకంటె 150 రూపాయలు ఎక్కువ. రానుపోను బస్సుకు 80 రూపాయలైనచో అది 230 అగును. ఆ 300 రూపాయల సరకు వచ్చేనెలకు తప్పక కావలసిన సబ్బులును పప్పునైనచో, 70 రూపాయలు నిజముగా మిగిలినట్లే, దానిని కాదనను. అది పిల్లలు త్రోవలోనే తినివేసిన తినుబండారమైనచో మిగిలినది సున్న. స్త్రీలకు బస్సు టిక్కెట్టు లేదు కదా యని యొకరు నాతో ననిరి. నిజమే, తెలంగాణమున 2023 డిసెంబరునుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టునుండియు ఆర్టీసీవారి అనేక బస్సులలో స్త్రీలకు ప్రయాణము ఉచితము. కాని కలుపుతీత దినములలో ఒక పూట పోయినచో పోవు కూలి టిక్కెట్టుకంటె పెద్దది. ఆ పూటను లెక్కలో వేయు గృహస్థులు తక్కువ.

మరియు కొన్ని చీటీలు ఆనాటి కొనుగోలుకు పనికిరావు. పదునైదు దినములలోపల మరల వచ్చి మరి యింత కొన్నప్పుడే చెల్లును. అట్టి చీటీని తగ్గింపు అనుటకంటె, రాబోవు బేరమునకు దుకాణదారుడు కట్టిన పలుపు అనుట సరి.

పొట్లముమీద అచ్చైన గరిష్ఠ చిల్లర ధరను గూర్చియు రెండు మాటలు చెప్పవలసియున్నది. అది అంతకుమించి తీసికొనరాదను హద్దే గాని, ఆ వస్తువు నిజమైన ధర కాదు. మన యూరి కొట్టులోనే అనేక పొట్లములు అంతకు తక్కువకు దొరకును. కూపను తగ్గింపు ఆ హద్దునుండి లెక్కింపబడుచున్నదా, ఊరిలో పలుకుచున్న ధరనుండి లెక్కింపబడుచున్నదా చూచుకొనవలెను. అంతకంటె ముఖ్యమైనది తూకపు లెక్క. బట్టల సబ్బుపొడి 400 గ్రాముల పొట్లము 56 రూపాయలు, కూపనుతో 51 రూపాయలు అనుకొందము. కిలోకు లెక్కించినచో 127 రూపాయల 50 పైసలు. ప్రక్కనే చీటీ లేని కిలో సంచి 120 రూపాయలకు ఉండవచ్చును. చీటీ చేతిలోనున్నవాని కన్ను ఆ సంచిమీదికి పోదు. అదే పొట్లము కూపనుతో 45 రూపాయలకు వచ్చినచో కిలో 112 రూపాయల 50 పైసలు పడును. అప్పుడు చీటీయే మేలు. పెద్ద పొట్లము ఎల్లప్పుడును చవుక యనుకొనుటయు పొరపాటే. తలంటుకొను షాంపూవంటి వానిలో చిన్న సాచెట్లు సీసాకంటె చవుకగా పడుట కద్దు.

ఈ లెక్కకు కాగితము కలము అక్కరలేకుండ 2021 సంవత్సరమున పొట్లపు సరకుల నిబంధనలను సవరించిరి. ఆ సవరణ తరువాత అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము కిలోకు తక్కువైన పొట్లముమీద గ్రాముధరయు, కిలోకు మించినదానిమీద కిలోధరయు అచ్చువేయవలెను. గ్రాముధరను వేయిపెట్టి హెచ్చించిన కిలోధర వచ్చును. అక్షరములు చీమలంత యుండును గాని, బడికి పోవు పిల్లవానిచేత చదివించుకొనవచ్చును. వానికి లెక్కయు వచ్చును.

ఉచితము అను మాటకు చట్టమున నొక హద్దు కలదని సభ్యులలో పలువురెరుగరు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, ధరలోనే పూర్తిగా గాని కొంత గాని కలిపి వసూలుచేసిన వస్తువును ఉచితముగా నిచ్చుచున్నట్లు భ్రమ కల్పించుట అనుచిత వ్యాపార పద్ధతి. బహుమానమని చెప్పి, ఇచ్చు తలంపే లేకుండుటయు అట్టిదే. పండుగ చీటీలు డబ్బాలో వేసి మోటారుసైకిలు గెలుచుకొనుడని పిలిచినవారు, చివరకు ఎవరికి వచ్చినదో పాల్గొన్నవారికి తెలుపక దాచుటకు వీలులేదు. అట్లు జరిగినచో 1915 సంఖ్యకు ఫోనుచేసి ఫిర్యాదు చెప్పవచ్చును. సెల్‌ఫోను దుకాణములలో "ఇక రెండే మిగిలినవి, పది నిమిషములే గడువు" అని లేని తొందర కల్పించుటను 2023 నవంబరులో వెలువడిన కేంద్రప్రభుత్వ మార్గదర్శకములు నిషేధించినవి. ఆ తొందర ఇంకను కనబడుచునేయున్నది.

ఇంతవరకు చెప్పినది చేతిలో రొక్కమున్న కుటుంబమునకు వర్తించును. రైతు కుటుంబము స్థితి వేరు. ఉద్యోగికి నెలకొకసారి జీతము వచ్చును. మనకు పంట వచ్చినప్పుడే సొమ్ము. వ్యయము మాత్రము దినదినమును ఉండును. అందువలన ఆషాఢ శ్రావణ మాసములలో మనలో అనేకులు అరువుమీద కొందురు. అరువువానికి ధర వేరు, తూకమును అడుగు నోరు లేదు, కూపను అసలే లేదు. పత్తి గింజలు పెట్టు దినములలో, తగ్గింపు వచ్చునని ఆరు నెలల సబ్బులు కొనిపెట్టుకొన్న కాపు, ఎరువునకు చాలక వడ్డీకి తెచ్చినచో సబ్బులమీద వచ్చిన లాభమును వడ్డీ తినివేయును. కావున మన యిండ్లలో వ్యయము తగ్గుటకు తగ్గింపుచీటీకంటె అరువు తప్పుట ఎక్కువ తోడ్పడును.

ఇప్పుడు మన దుకాణపు చీటీల మాటకు వచ్చెదను. వేయి రూపాయలు ఒక్కసారి చెల్లించగలవాడెవడు? పది యెకరముల మాగాణి గలవాడును, ఇంట నొక జీతము వచ్చువాడును. సాయంకాలము కూలి తెచ్చుకొని అరువది రూపాయల సరకు కొనిపోవు సభ్యురాలికి ఆ చీటీ ఏనాడును దక్కదు. ఆమె దినమునకు అరువది చొప్పున మూడువందల దినములు కొన్నచో ఏటికి 18,000 రూపాయలగును. వేయి రూపాయలవాని యేటి బేరము ఆమె బేరమునకు తక్కువై యుండవచ్చును. అయినను చీటీ అతనిది. పప్పు, నూనె, పంచదారలమీద నూటికి పది మిగులదని మన లెక్కలు చూచువారందరు నెరుగుదురు. మరి నూటికి పది చొప్పున ఇచ్చు సొమ్ము ఎచ్చటనుండి రావలెను? ధర కొంత పెంచవలెను. అనగా అరువది రూపాయల సభ్యురాలు చెల్లించినదానిని వేయి రూపాయల సభ్యునికి చీటీగా కట్టి యిత్తుము. ఇది సహకారసంఘము చేయదగిన పని కాదు.

ఇట్టి చిక్కునకు విరుగుడు పాతదే. ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున నేతపనివారు మొదలగువారు 1844 డిసెంబరు 21వ తేదీన ఒక వీధిలో చిన్న దుకాణము తెరచిరి. వెన్న, పంచదార, గోధుమపిండి, ఓట్లపిండి, కొవ్వొత్తులు — ఆనాటి సరకు ఇంతే. వారు రొక్కమునకే అమ్మిరి, అరువు పెట్టలేదు. ఊరి ధరకే అమ్మి, మిగిలిన లాభమును ఎవరెంత కొనిరో ఆ ప్రకారము సభ్యులకు పంచిరి. వాటాలు ఎక్కువగానున్నవానికి గాక, బేరము ఎక్కువగా చేసినవానికి ఎక్కువ వచ్చుట ఇందలి విశేషము. మన దక్షిణదేశమునను 1904లో మద్రాసు ట్రిప్లికేనులో వినియోగదారుల సహకార దుకాణము పుట్టినది.

ఆంగ్లదేశపు సహకార దుకాణములే 1960 దశాబ్దపు చివర ముద్రబిళ్లల చీటీలు పంచినవి కదా యని చదువుకొన్న సభ్యులెవరైన అడుగవచ్చును. పంచినవి, ఏలన అప్పుడు ఆ దేశమున గ్రీన్‌షీల్డు అను చీటీల కంపెనీ 1958 నుండి ప్రబలి, దుకాణములవారు డబ్బిచ్చి దానివద్ద చీటీలు కొని గిరాకీలకు పంచుచుండిరి. గిరాకీలు వానిని పుస్తకములకు అంటించి సామానులు పుచ్చుకొనుచుండిరి. కాని ఆ చీటీలను పంచినవారిలో పెద్దదైన టెస్కో దుకాణమువారే 1977లో వానిని మానివేసి, చీటీలకు పోవుచున్న ధనముతో సరకుల ధరలు తగ్గించిరి. బేరము పోలేదు సరికదా, మిక్కిలి పెరిగెను. చీటీకై పోయినదంతయు ధరలోనే యున్నదని దీనికంటె తేటగా చెప్పు నిదర్శనము నాకు తెలియదు.

కావున సమావేశమునకు నేను చేయు సూచన యిది. ప్రతి సభ్యునికి నొక చిన్న కొనుగోలు పుస్తకము ఇయ్యవలెను. తేదీ, రొక్కము, గుమాస్తా సంతకము — ఈ మూడు గడులు చాలును. పది రూపాయల ఉప్పు కొన్నను అందెక్కవలెను; అరువు బేరము ఎక్కరాదు. మార్చి 31న పుస్తకములు తీసికొని ఆవర్జాతో సరిచూచి, తనిఖీ ముగిసి, రిజర్వు నిధికి చెందవలసినది పోగా మిగిలిన లాభమునుండి నూటికి ఇంత యని సమావేశము నిర్ణయింపవలెను. నూటికి రెండే వచ్చినను అరువది రూపాయల సభ్యురాలికి 360 రూపాయలు ముట్టును. తనిఖీ ఆలస్యము కానియెడల ఆ సొమ్ము వచ్చే దసరా నాటికి చేతికి రాగలదు. నష్టమువచ్చిన యేట ఏమియు రాదు. దానిని దాచక ముందే చెప్పవలెను.

ఈ దసరా మాట యేమనిన, పాలకవర్గమువారు చీటీల అచ్చుకు పెట్టదలచిన సొమ్మును అట్లే యుంచి, కందిపప్పు, శనగపిండి, వేరుశనగ నూనె, బెల్లము మాత్రము టోకున తెప్పించుట మంచిది. అందులకు ఎవరికెంత కావలెనో ముందుగా తెలియవలెను. ప్రతి యింటివారును పండుగ జాబితాను ఇంటి ఆడువారితో కూర్చుండి వ్రాసి, సమావేశమునాటికి కార్యదర్శిగారికి అందజేసినచో, మూటలెన్ని తెప్పించవలసినది ఆనాడే తేలును.