వంతెన విలువ

గౌతమి, వశిష్ఠ పాయలకూ సముద్రానికీ నడుమ వెలసిన లంక మన కోనసీమ. ఇటీవల ఒకనాడు ఫజ్ర్ నమాజు ముగించుకొని, పిల్లలతో కారులో సీమనంతా చుట్టి వచ్చాము. కొత్తపేట, రాజోలు దాటి సఖినేటిపల్లి రేవు చేరాము. మనుషులనూ వాహనాలనూ నర్సాపురం ఒడ్డుకు చేర్చే పంటును చూసి మా చిన్నవాడు మురిసిపోయాడు. “అబ్బా! వంతెనలు మాని అన్నిచోట్లా పంట్లే ఉంటే ఎంత బాగుండును!” అన్నాడు. మేము మారుపలుకలేదు.

సాయంత్రం ఎదుర్లంకలో, కీర్తిశేషులు బాలయోగి పేరిట నిలిచిన వంతెన వద్ద కారు ఆపించాము. అది లేని రోజుల్లో మా అమ్మగారు ప్రసవ వేదనతో ఒక రాత్రంతా ఈ గట్టునే పడవ కోసం నిరీక్షించారు. తెల్లవారి కాకినాడ చేరేసరికి కడుపులోని బిడ్డ దక్కలేదు. ఆ సంగతి పిల్లలకు మొదటిసారి చెప్పాము.

మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాలేడని దైవప్రవక్త (సఅసం) బోధించారు. రోజూ వంతెన దాటే మనం, నడి ఏటిలో స్తంభాలు నిలిపిన కూలీలను ఎన్నడైనా తలచామా?

“వాళ్ల పేర్లు ఎక్కడ రాసి ఉన్నాయి అబ్బా?” అని చిన్నవాడు అడిగాడు.

“అల్లాహ్‌కు తెలుసు నాయనా” అని, మగ్రిబ్ నమాజుకు లేచాము.