తలుపు గడియ ఎవరి బాధ్యత?

సలహా పత్రాలు జారీ చేయడంలో ఢిల్లీలోని మంత్రిత్వ శాఖలు ఎన్నడూ వెనుకబడలేదు. ఆ సలహాను ఏ తేదీలోగా ఎవరు అమలు జరపాలని అడిగినప్పుడే సమాధానం దొరకదు. మన ప్రభుత్వ కార్యాలయాలను బయటి ప్రపంచంతో కలుపుతున్న ఫైర్‌వాల్‌లు, రౌటర్లు, వి.పి.ఎన్. పరికరాల భద్రత విషయంలోనూ ఇదే ధోరణి కనిపిస్తున్నది. ఇది ఇంజనీర్ల వ్యవహారమని రాజకీయ నాయకత్వం తప్పుకోవడం సమంజసం కాదని నా అభిప్రాయం.

కార్యాలయం లోపలి కంప్యూటర్లకూ ఇంటర్నెట్‌కూ మధ్య కాపలా కాసేవి ఈ పరికరాలే. కావలివాడు వాకిట్లో నిలబడతాడు గనుక మొదటి దెబ్బ తగిలేది అతనికే. వీటిని నడిపే సాఫ్ట్‌వేర్‌లో లోపం బయటపడినప్పుడు తయారీదారు దానిని సవరించి ‘ప్యాచ్’ విడుదల చేస్తాడు. ఆ ప్రకటన యజమానికి ఎంత ఉపయోగమో దొంగకూ అంతే ఉపయోగం. ఏమి మార్చారో చూస్తే లోపం ఎక్కడున్నదో నిపుణుడైన దొంగ పసిగట్టగలడు. ఆ క్షణం నుండి ఇద్దరి మధ్య పందెం మొదలవుతుంది.

ఈ పందెంలో ఆలస్యానికి ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో అమెరికా అనుభవం చెబుతున్నది. సిట్రిక్స్ సంస్థ తన నెట్‌స్కేలర్ పరికరాలలోని తీవ్రమైన లోపానికి 2023 అక్టోబర్ 10న సవరణ విడుదల చేసింది. కాంకాస్ట్ అనే పెద్ద కేబుల్, ఇంటర్నెట్ సంస్థలోకి ఆ లోపం గుండా దుండగులు చొరబడినది అక్టోబర్ 16, 19 తేదీల మధ్య. సుమారు 3 కోట్ల 58 లక్షల మంది వివరాలు పరుల పాలయ్యాయి. మందు అంగడికి వచ్చిన తరువాత తగులుకున్న రోగమిది. పైగా, అప్పటికే లాగిన్ అయి ఉన్నవారి గుర్తింపును తస్కరించడానికి ఆ లోపం వీలు కల్పించింది. పరికరానికి ప్యాచ్ వేసినా, పాత సెషన్‌లను రద్దు చేయకపోతే దొంగిలించిన గుర్తింపు చెల్లుతూనే ఉంటుంది. దొంగ ఇంట్లో ఉండగా తలుపుకు కొత్త గడియ బిగించి ప్రయోజనమేమిటి?

మరు సంవత్సరం జనవరి 10న ఇవాంటీ సంస్థ వి.పి.ఎన్. పరికరాలలోని లోపాలు బయటపడ్డాయి. అప్పటికి సవరణ సిద్ధంగా లేదు, దాడులు మాత్రం సాగుతున్నాయి. అమెరికా సైబర్ భద్రతా సంస్థ ‘సీసా’ ఆ నెల 19న అత్యవసర ఆదేశం జారీ చేసింది. ఫిబ్రవరి 2 అర్ధరాత్రిలోగా ఆ పరికరాలను నెట్‌వర్క్ నుండి తొలగించవలసిందని నెలాఖరున కేంద్ర పౌర శాఖలన్నిటినీ ఆదేశించింది. విచిత్రమేమంటే, ఆ లోపాల గుండానే సీసాలోకీ చొరబాటు జరిగి, దాని రెండు వ్యవస్థలను నిలిపివేయవలసి వచ్చింది. ఆ సంగతి మార్చి నెలలో లోకానికి తెలిసింది. అక్కడి యంత్రాంగం నిర్దుష్టమని నేను చెప్పబోవడం లేదు. అయితే దాడులకు గురవుతున్న లోపాల జాబితాను 2021 నవంబర్ నుండి అక్కడ బహిరంగంగా ప్రకటిస్తున్నారు. ఒక్కొక్క లోపానికీ కేంద్ర శాఖలు పాటించి తీరవలసిన గడువు తేదీ అందులోనే ఉంటుంది. సలహాకూ ఆజ్ఞకూ ఉన్న తేడా ఆ తేదీలోనే ఉన్నది.

ఇక మన సంగతి. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లు స్తంభించిపోయినప్పుడు, దేశం నలుమూలల నుండి వచ్చిన రోగుల పేర్లను రోజుల తరబడి చేతితో రాసుకోవలసి వచ్చింది. అయిదు సర్వర్లు దెబ్బతిన్నాయనీ, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం చిక్కుబడిందనీ, నెట్‌వర్క్‌ను సక్రమంగా విభజించకపోవడమే చొరబాటుకు కారణమనీ ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. అది ప్యాచ్ లోపమని ఆ సమాధానంలో లేదు. కాని గదికీ గదికీ మధ్య తలుపులు ఎవరు చూసుకోవాలనే ప్రశ్న రెండింటికీ సమానమే.

అదే సంవత్సరం ఏప్రిల్ 28న జాతీయ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, సైబర్ సంఘటన జరిగినట్లు తెలిసిన 6 గంటలలోగా నివేదించాలి. 180 రోజుల లాగ్‌లు భద్రపరచాలి. మంచిదే. కాని దొంగతనం జరిగాక ఫిర్యాదుకు గంటల గడువు పెట్టిన ఆ ఉత్తర్వు, తెలిసిన లోపాన్ని సరిదిద్దడానికి రోజుల గడువైనా పెట్టలేదు. మరుసటి ఏడాది నవంబర్‌లో సెర్ట్-ఇన్‌ను సమాచార హక్కు చట్టం పరిధి నుండి మినహాయించారు. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు తప్ప, పౌరుడికి ఆ తలుపు కూడా మూసుకుపోయింది.

గోప్యతకు కారణం లేకపోలేదు. ఏ కార్యాలయంలో ఏ పరికరం బలహీనంగా ఉన్నదో చాటడం దొంగకు చిరునామా ఇవ్వడమే. ఆసుపత్రిలో పట్టపగలు పరికరాన్ని నిలిపివేసి ప్యాచ్ వేయడమూ సులభం కాదు. దానికి మారుగా పనిచేసే మరొక పరికరం కావాలి. చాలా తయారీదారులు నిర్వహణ ఒప్పందం ఉన్నవారికే సవరణలు అందిస్తారు. కొనుగోలుకు నిధులు మంజూరు చేసి, నిర్వహణకు చేయి బిగించే ప్రభుత్వ పద్ధతిలో ఈ ఒప్పందమే ముందు మరుగున పడుతుంది. గడువు తప్పిన ఇంజనీరును నిందించే ముందు అతనికి డబ్బు, మనుషులు, మారు పరికరం ఇచ్చారా అని విచారించాలి.

కాబట్టి పార్లమెంటులోనూ, హైదరాబాదు, అమరావతి శాసనసభలలోనూ మన ప్రతినిధులు అడగవలసినది పరికరాల పేర్లు కాదు. ప్రతి శాఖలో ఇటువంటివి ఎన్ని ఉన్నాయి? తయారీదారు మద్దతు ముగిసినవి ఎన్ని? తీవ్రమైన లోపాన్ని సవరించడానికి సగటున ఎన్ని రోజులు పట్టింది? బాధ్యుడైన అధికారి ఎవరు? ఈ అంకెలు చెప్పినంత మాత్రాన ఏ రహస్యమూ బయటపడదు. రేషను కార్డు నుండి రోగి వైద్య పరీక్షల వరకు ప్రజల బతుకంతా ఈ తలుపుల వెనుకనే దాచిన ప్రభుత్వం, వాటిని ఎన్నాళ్లు తెరిచి ఉంచిందో చెప్పడానికి నిరాకరించజాలదు.