ముందు జిగురు సంగతి అడగండి

నాకు తెలిసిన తెలుగువాళ్ళలోనే గరాజ్‌లో చిన్న లేజర్ కట్టర్ పెట్టుకున్నవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. గృహప్రవేశానికి తెలుగులో ఇంటిపేరు కోసిన పలక, బొమ్మల కొలువుకి మండపం, వారాంతపు తెలుగు బడిలో పిల్లల చేతికిచ్చే చెక్క అక్షరాలు, ఇలాంటివి చేస్తున్నారు. ముచ్చటైన పని. అయితే అందరూ అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: ఎన్ని వాట్ల మిషన్ కొనాలి? నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది, కోయబోయే ప్లైవుడ్‌ని ఏ జిగురుతో అంటించారని.

మూడు మిల్లీమీటర్ల పలకలో సాధారణంగా మూడు పల్చటి చెక్క పొరలు, వాటి మధ్య రెండు జిగురు వరసలు ఉంటాయి. మెత్తటి చెక్కని లేజర్ ఇట్టే ఆవిరి చేసేస్తుంది. తంటా అంతా జిగురు దగ్గరే.

మన ఇళ్ళలో ప్లైవుడ్ మాట రాగానే "మెరైన్ ప్లై వేయించాం, నీళ్ళలో నానినా ఏమీ కాదు" అని గొప్పగా చెప్పుకుంటాం. వంటింటి అల్మరాకి అది నిజంగానే మంచి సరుకు. ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న ఆ మెరైన్ ప్లైని నల్లటి ఫినాలిక్ జిగురుతో అంటిస్తారు. ఒకసారి గట్టిపడ్డాక ఆ జిగురు వేడికి కరగదు, బొగ్గై కూర్చుంటుంది. ఫినాలిక్ రెజిన్‌ని రాకెట్ల ఉష్ణకవచాల్లో వాడేది కూడా ఈ గుణం వల్లే. అలాంటిదాన్ని మన నలభై వాట్ల గొట్టంతో కోయబోవడం ఏం న్యాయం? అమెరికా దుకాణాల్లో ఎక్స్‌టీరియర్ గ్లూ అని రాసి ఉండే పలకల కథా ఇదే. మనకి కావలసింది ఇంటీరియర్ గ్లూ, అంటే లేత రంగు యూరియా జిగురు. ఇండియాలో కొనేవాళ్ళు ఎం.ఆర్. గ్రేడ్ అడగాలి. దుకాణదారు "అది తక్కువ రకం సార్, పైది తీసుకోండి" అంటాడు. ఫర్వాలేదు, తక్కువ రకమే ఇమ్మనండి. కొండపల్లి బొమ్మలవాళ్ళు మెత్తటి పొనికి కర్రనే పట్టుకున్నారుగానీ, ఖరీదైనది కదా అని టేకు వెంట పడలేదు.

జిగురు తర్వాత చూడాల్సింది లోపలి పొర. పైపొర ఎంత నున్నగా ఉన్నా, మధ్య పొరలో బోలు ఉండొచ్చు. లేదా ముడి ఉన్నచోట అతుకు వేసి, జిగురో పుట్టీయో దట్టించి ఉండొచ్చు. పలకంతా చక్కగా తెగి, రూపాయి బిళ్ళంత మేర మాత్రం తెగకుండా మొరాయించిందంటే అనుమానించాల్సింది దాన్నే. పల్చటి పలకని గట్టి లైటుకి అడ్డంగా పట్టుకుంటే ఇలాంటి చోట్లు చాలావరకు మచ్చల్లా కనిపిస్తాయి. దుకాణంలో ఫోన్ టార్చి వేసి చూడడానికి మొహమాటపడకండి.

తెలుగు కోసేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. ఇంగ్లీషులో విడిగా ఉండేది చిన్న ఐ మీద చుక్క, మరొకటీ. మనకి "అమ్మ" అని రాస్తేనే మ-వత్తు కింద విడిగా వేలాడుతుంది. ఠ నడుమ చుక్క సంగతి చెప్పక్కర్లేదు. పేరంతా ఒకే ముక్కగా రావాలంటే వీటిని సన్నటి వారధులతో కలపాలి. ఆ రెండు మిల్లీమీటర్ల వారధి సరిగ్గా బోలు మీద పడిందా, వత్తు ఊడి చేతికొస్తుంది. అందుకే చవక పలక మన లిపికి గిట్టుబాటు కాదని నా గట్టి నమ్మకం.

బాల్టిక్ బర్చ్ అన్న పేరు చూసి నిశ్చింతగా ఉండే రోజులు కూడా పోయాయి. ఆ సరుకులో చాలా భాగం రష్యా నుంచి వచ్చేది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్ ఆ దిగుమతుల్ని నిషేధించింది, అమెరికా సుంకాలు పెంచింది. ఇప్పుడు బర్చ్ అన్న పేరుతో అమ్మేవాటిలో పైపొర మాత్రమే బర్చ్, లోపల ఇంకేదో చెక్క ఉన్నవీ ఉన్నాయి. అంచు చూస్తే తెలిసిపోతుంది. ఐదు, పది వాట్ల డయోడ్ లేజర్ ఉన్నవాళ్ళకైతే నా సలహా బాస్‌వుడ్ ప్లై. మెత్తన, తేలిక, మసి తక్కువ. పిల్లల అక్షరాలకి అది చాలు.

పొగ గురించి ఒక మాట. ఇక్కడ పలకల మీద టి.ఎస్.సి.ఎ. టైటిల్ సిక్స్ అని ముద్ర ఉంటుంది. ఫార్మాల్డిహైడ్ విడుదల పరిమితికి లోబడి ఉందని దానర్థం. ఆ పరిమితి ఇంట్లో ఊరికే పడి ఉన్న చెక్కకి. కాల్చినప్పుడు వచ్చే పొగ గురించి అది ఏమీ చెప్పదు. ఎగ్జాస్ట్ గొట్టం కిటికీ బయటికి పోవాల్సిందే, పిల్లల్ని "చూడు కన్నా" అని మిషన్ మీదకి వంగనివ్వకూడదు. తెగని పలక ఇంకో ప్రమాదం కూడా తెస్తుంది. తెగడం లేదని వేగం తగ్గిస్తాం, అదే గీత మీద నాలుగోసారి నడిపిస్తాం, అప్పటికే మాడి ఉన్న అంచు అంటుకుంటుంది. మిషన్ నడుస్తుండగా కాఫీ కలుపుకోవడానికి లోపలికి వెళ్ళేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కట్ట మొత్తం ఒకేసారి కొనకండి. ఒక్క పలక తెచ్చి, నాలుగు మూలల్లోనూ నడుమనా అంగుళం చదరాలు ఒకే వేగంతో కోసి చూడండి. ఐదూ నొక్కకుండానే కిందికి రాలితే, ఆ బ్యాచ్ అయిపోకముందే వెళ్ళి మిగతావి తెచ్చుకోండి. తెచ్చాక గోడకి ఆనించి నిలబెట్టకండి. వంగిపోతాయి, వంగిన పలక మీద ఫోకస్ ఒకచోట కుదిరితే ఇంకోచోట తప్పుతుంది. నేల మీద పరిచి, పైన పాత నిఘంటువులో బియ్యం బస్తానో పెట్టండి.