కాళ్ల వాపును ముసలితనమని సరిపెట్టుకొనరాదు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతులకు ప్రత్తి తూకమునందు గల జాగ్రత్త తమ దేహపు తూకమునందు లేదు. మార్కెట్టు యార్డులో క్వింటాలునకు కిలో తరుగు తీసినచో తగవులాడెదము. మూడు దినములలో మన దేహమే రెండు కిలోలు పెరిగినను గమనింపము. ఈ యుపేక్షవలన గలుగు కీడును గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను.

సాయంకాలమునకు పాదములు ఉబ్బును. వ్రేలితో నొక్కిన గుంటపడును. నాలుగడుగులు వేసిన ఆయాసము వచ్చును. రాత్రి వెల్లకిల పరుండిన ఊపిరాడక లేచి కూర్చుండవలసి యుండును. దీనిని మన పల్లెలలో నీరు పట్టినదందురు. వయస్సు మీరినదని ఊరకుందురు. వాపులన్నియు గుండెవలననే రావు. మూత్రపిండములు, కాలేయము చెడినను వచ్చును. కాని ఆయాసముతో గూడిన వాపునకు గుండె బలహీనత ముఖ్య కారణములలో నొకటి. వైద్యులు దీనిని కంజెస్టివ్ హార్ట్ ఫెయిల్యూర్ అందురు. అనగా గుండె ఆగిపోవుట కాదు. చేయవలసిన పనిని చేయజాలకుండుట.

తుంగభద్ర దిగువ కాలువ క్రింద సేద్యము చేయువారికి ఇది సులభముగా బోధపడును. నీరు ముందునకు సాగనిచో చివరి పొలములు ఎండును. ఎగువను ఊటనీరు నిలిచి పైరు కుళ్లును. గుండె నెత్తురును ముందునకు నెట్టజాలనిచో నవయవములకు బలము చాలదు. వెనుక నిలిచిన నీరు ఊపిరితిత్తులలోను, కాళ్లలోను చేరును. అంతట మూత్రపిండములు తమకు నెత్తురు చాలలేదని ఉప్పును, నీటిని మరింత నిలువ చేయును. అదుపులేని రక్తపుపోటు, గుండెపోటు, మధుమేహము, మితిమీరిన సారాయి దీనికి మూలములు. పిల్లలకు గొంతునొప్పి వెనుక కీళ్లవాపు జ్వరము వచ్చినప్పుడు అలక్ష్యము చేసినను గుండె కవాటములు చెడును.

1785లో విలియం విదరింగు అను ఆంగ్ల వైద్యుడు ఒక మొక్క ఆకుతో ఈ ఉబ్బునకు చేసిన చికిత్సను గ్రంథస్థము చేసెను. నేడు అంతకన్న మేలైన మందులు గలవు. అవి ఆయువును పెంచును. మరల పొలమునకు నడచిపోవు శక్తినిచ్చును. అయినను మన మూడు తప్పులు వానిని వ్యర్థము చేయుచున్నవి.

మొదటిది: నీరసమని సెలైను సీసా ఎక్కించుకొనుట. అది ఉప్పునీరు. నిండిన చెరువునకు మరియొక వాగును మళ్లించుట వంటిది. రెండవది: మోకాళ్ల నొప్పికి తోచినప్పుడెల్ల డైక్లోఫినాక్ వంటి మాత్రలు, సూదులు వాడుట. అవి దేహమున ఉప్పును నిలిపి వాపును పెంచును. మూడవది: వాపు తగ్గగనే మందు మానుట. సుగ్గికి గుంటూరు సీమకు మిరప, ప్రత్తి కోతలకు పోవు కుటుంబములలో ఇది మిక్కుటము. చీటీ ఇంటనుండును, మనిషి పొరుగు జిల్లాలోనుండును.

ఉప్పు విషయమున రైతులు ఆక్షేపింతురు: చెమటోడ్చువానికి ఉప్పు వలదా యని. సామాన్యునకే దినమునకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. జొన్నరొట్టెతో ఊరగాయ, అప్పడము, ఉప్పు కలిపిన మజ్జిగ నిత్యము గైకొన్నచో నీ మితము దాటుట యెంతసేపు? గుండె రోగి ఎంత తినవలెనో, ఎండకాలమున నీటిమాత్రను ఎట్లు సర్దవలెనో వైద్యుని అడిగి తెలిసికొనవలెను; తనంత తాను మానరాదు.

వైద్యము సర్కారు పని, సంఘమునకేమి యనువారు గలరు. ఎమ్మిగనూరున 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును నెలకొల్పిరి. ఒంటరిగా నిలువజాలని నేతగాడు పదుగురితో గూడి నిలువగలిగెను. రోగపు వేళ రైతును అంతకన్న ఒంటరి మరియెవ్వడు? అర్ధరాత్రి ఊపిరాడక సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్న కర్నూలు పెద్దాసుపత్రికి పరుగెత్తినవాడు ఎద్దులనమ్మును. సంఘపు బాకీయు నిలిచిపోవును.

కావున రాబోవు మహాజనసభలో ఈ తీర్మానము చేయవలెనని నా మనవి. సంఘ కార్యాలయమున మనుషులను తూచు యంత్రము, రక్తపుపోటు చూచు పరికరము నుంచవలెను. ఎరువుల పంపిణీ దినమున గ్రామ ఆరోగ్య కార్యకర్తను పిలువవలెను. సుగ్గికి పోవు సభ్యులలో గుండెమందులు వాడువారి పట్టీ వ్రాసి, తిరిగివచ్చువరకు చాలు మందులిప్పింపుడని ముందే వైద్యుని కోరవలెను. మందుచీటీ నకలును మూటలో పెట్టింపవలెను.

గుండె రోగి ప్రతి ప్రొద్దున మూత్రవిసర్జనానంతరము, ఆహారమునకు ముందు తూచుకొనవలెను. మూడు దినములలో 2 కిలోలు పెరిగినచో ఆసుపత్రికి పోవలెను. కూర్చుండియు ఊపిరాడనిచో తడయక 108కి కబురంపవలెను. ఒక తూకపు యంత్రము ధర యెంత? ఒక జత ఎద్దుల ధర యెంత? లెక్క చూచుకొనుడు.