సముద్రం పాలైన నీళ్లు ఎవరి పాలు?

వానాకాలం రాగానే మన సభల్లో ఒక మాట తప్పక వినబడుతుంది. "గోదావరి నీళ్లన్నీ వృథాగా సముద్రం పాలవుతున్నయి." ఈ పత్రికలోనూ చాలాసార్లు రాశాం. నేనూ మైకు పట్టుకుని అన్నవాణ్ణే. ఎండిన బోరు పక్కన నిలబడ్డ రైతు నీళ్లు అడగడంలో తప్పు లేదు, అడుగుతూనే ఉండాలి. పేచీ అంతా 'వృథా' అన్న మాటతోనే.

చెరువు పూడిక మట్టి విలువ మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు బండ్ల మీద, ఇప్పుడు ట్రాక్టర్ కిరాయి పెట్టుకుని మరీ చెలకకు తోలుకుంటాం. వరదలో గోదావరి ఎర్రగా కనిపించేది అలాంటి ఒండ్రు వల్లనే. అది మంథని, భద్రాచలం, ధవళేశ్వరం దాటి, గౌతమి పాయ వెంట పోయి కాకినాడ దగ్గర సముద్రంలో దిగుతుంది.

అక్కడ సముద్రం లోతు తక్కువ. హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక దిబ్బ, అదీ గోదావరి మోసుకొచ్చిన ఇసుకే, కెరటాలకు అడ్డంగా ఉంటుంది. కెరటం కొట్టని చోట బురద నిలుస్తుంది. ఒడ్డున కోరంగి మడ అడవులు. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆటు సమయంలో నీరు వెనక్కి తీస్తే బురద మైదానం బయటపడుతుంది. చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. పైపొర కింద గాలాడదు, కుళ్లిన గుడ్ల వాసన. కానీ మన చెలకలో వానపాము చేసే పని అక్కడ సముద్రపు పురుగులు చేస్తాయి. బొరియలు తవ్వి లోపలికి నీరూ గాలీ పంపుతాయి. గుల్లలు నీటిని వడకట్టి సన్నటి నాచు తింటాయి. వాటిలో ఒక రకం గుల్లను కోస్తే మనలాగే ఎర్రటి రక్తం వస్తుంది. గాలి తక్కువున్న బురదలో దాన్ని బతికించేది ఆ రక్తమే. టైగర్ రొయ్య సముద్రంలో పుట్టి, పిల్లగా ఉన్నప్పుడు ఈ మడల్లోకి వచ్చి, కొంత పెరిగాక మళ్లీ సముద్రానికి పోతుంది. దీన్ని నారుమడి అనుకోండి. నారుమడి ఎండితే నాటుకు ఏముంటుంది?

ఆ బురదలో దిగి చేతులతో గుల్లలు ఏరుకునేవి మత్స్యకార కుటుంబాలు, ఆడవాళ్లతో సహా. మాంసం తినడానికి, గుల్ల సున్నానికి. ఆ బురదకు పాసుబుక్కు లేదు. గుల్లలు చచ్చిపోతే పంట నష్టం రాసుకునే అధికారి రాడు. మన కౌలు రైతు గతి తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పాలా?

ఇక ఒండ్రు ఎక్కడ ఆగిందో చూద్దాం. శ్రీరాంసాగర్ కట్టినప్పుడు 112 టీఎంసీలు పట్టేది. పూడిక నిండి ఇప్పుడు సుమారు 80కి పడిపోయింది. ఆ చోటు నింపింది మన పొలానికీ రాని, కాకినాడకూ చేరని మట్టి. పైన జయక్వాడీ, ఇంకా ఎన్నో. 1970లలో గోదావరి సముద్రానికి మోసిన ఒండ్రులో 1990ల చివరికి దాదాపు మూడో వంతే మిగిలిందని డెల్టా మీద పనిచేసిన శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఎండాకాలంలోనైతే ధవళేశ్వరం దాటి కిందికి పోయే నీరు దాదాపు ఉండదు. మడల్లో ఉప్పు పెరుగుతుంది.

ఇంకో సంగతి. 2025లో పోలవరం–బనకచర్ల ప్రతిపాదనకు ఆంధ్ర ప్రభుత్వం చెప్పిన కారణం కూడా సముద్రంలోకి వృథాగా పోతున్న వరద నీళ్లే. అందులోంచి 200 టీఎంసీలు మళ్లిస్తామన్నారు. మన వాటా తేలకుండా ఎలా అని మనం అడ్డం తిరిగాం, న్యాయమే. కానీ వాళ్ల చేతికి ఆ మాట ఇచ్చింది మన లాంటి సభలే. వృథా అంటే ఎవరిదీ కాదని అర్థం. ఎవరిదీ కానిదాన్ని బలమున్నవాడు ఎత్తుకుపోతాడు.

మన దిక్కు నుంచి పోయేదంతా మంచి మట్టి కూడా కాదు. చేనులో కొట్టిన మందు, ఓపెన్‌కాస్టు మట్టి గుట్టల మీది నుంచి వానకు కొట్టుకొచ్చేది వాగుల్లోకే, అక్కడి నుంచి గోదావరిలోకే. ఇది మన చెరువుల్నీ చెరుపుతోంది కాబట్టి దీనిమీద ఎలాగూ కొట్లాడుతున్నాం.

వచ్చే జిల్లా సమావేశానికి రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. మన తీర్మానాల్లో 'వృథా జలాలు' తీసేసి 'మన వాటా జలాలు' అని రాద్దాం. నదికీ సముద్రానికీ ఎండాకాలంలో ఎంత వదలాలో ఆ వాటాల లెక్కలోనే తేల్చమని అడుగుదాం. శ్రీరాంసాగర్ పూడిక తీసి ఆయకట్టు రైతులకు ఉచితంగా ఇవ్వాలని విడిగా ఇంకో తీర్మానం. మొదటిదానికి సభలో గొడవ అవుతుందని తెలుసు. ఒప్పుకోనివాళ్లు రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాం.